తిరుపతి ఊళ్ళో తిండి: ఏ పూట ఎక్కడ, ఏం చూసి కూర్చోవాలి

మీరడిగింది ఇదీ: దర్శనానికీ తిరుగు రైలుకీ మధ్య ఒకటిన్నర రోజు తిరుపతి ఊళ్ళోనే ఉంటారు. వెంట పెద్దావిడ ఒకరు, పదేళ్ళ పిల్లాడు ఒకడు. ఏసీ హోటళ్ళు వద్దు, ఊరివాళ్ళు రోజూ తినే బండ్లు, మెస్సులు, టీ కొట్లు కావాలి. కడుపు మాత్రం చెడకూడదు. కొట్ల పేర్లు కూడా అడిగారు. అవి రాయను. పెనం దగ్గర మనిషి మారితే రుచి మారిపోతుంది, రోడ్డు వెడల్పు చేస్తే బండే వేరే వీధికి పోతుంది. ఏ ప్రాంతంలో ఏ వేళకు ఏం దొరుకుతుంది, మంచిదో కాదో ఎలా పట్టుకోవాలి అన్నది తెలిస్తే పేరుతో పనిలేదు.

మొదట ఒక లెక్క అర్థం చేసుకోండి. స్టేషన్ ఎదుట దేవస్థానం వసతిగృహం విష్ణునివాసం చుట్టుపక్కల, ఆర్టీసీ బస్టాండు ముందర అలాంటిదే అయిన శ్రీనివాసం వైపు, అలిపిరికి పోయే దారి పొడుగునా ఉండేవి ఎక్కువగా యాత్రికుల హోటళ్ళు. అక్కడ ఇవాళ తిన్న మనిషి రేపు రాడు, ఇంకో ఏడాదికి వస్తాడో లేదో. సాంబారు పులిసినా వండేవాడికి నష్టం లేదు. అదే బాలాజీ కాలనీ, కపిలతీర్థం రోడ్డు, భవానీ నగర్, కొర్లగుంట, బైరాగిపట్టెడ, ఎం.ఆర్. పల్లి వైపు రోజూ అవే మొహాలు: విశ్వవిద్యాలయం పిల్లలు, దేవస్థానం ఆఫీసు ఉద్యోగులు, రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో రోగుల వెంట ఉన్నవాళ్ళు, ఆటో స్టాండు వాళ్ళు. ఒక పూట చట్నీ చెడితే మర్నాడు సగం బేరం పోతుంది. కాబట్టి రేపు కూడా వచ్చే జనం తినే చోట కూర్చోండి. స్టేషన్ ముందరి హోటళ్ళన్నీ చెడ్డవని కాదు. పాతకాలం నుంచి నిలబడ్డ శాకాహార హోటళ్ళు అక్కడా ఉన్నాయి, పెద్దావిడకు కుర్చీ, ఫ్యాను, చేతులు కడుక్కునే చోటు కావాలంటే అవే నయం. కానీ ఊరి తిండి చూడాలంటే పది నిమిషాలు నడవాలి.

ఆ తేడా పిలుపులోనే తెలుస్తుంది. మిమ్మల్ని ‘స్వామీ, రండి స్వామీ’ అని పిలిచారంటే యాత్రికుల లెక్కలో వేశారన్నమాట. ఊరివాళ్ళను ‘ఏం బ్బా’, ‘అన్నా’, ‘అక్కా’ అంటారు. మీరూ ‘అన్నా, రెండు కారం దోసెలు, నూనె తక్కువ’ అని మామూలుగా అడగండి. కూర్చునే ముందు రేటు అడగడం ఇక్కడ తప్పేమీ కాదు. అడగకుండా తిని తర్వాత వాదించడమే ఇబ్బంది.

పొద్దున సంగతి. బండ్ల దగ్గర టిఫిన్ ఆరు, ఆరున్నరకు మొదలై పదిన్నరకల్లా అయిపోతుంది. బస్టాండు, స్టేషన్ పక్కన ఇంకా ముందే, తెల్లవారకముందే ఇడ్లీ, టీ దొరుకుతాయి. కొండకు పోయే జనం ఎప్పుడూ ఉంటారు కాబట్టి. ఏడున్నర నుంచి తొమ్మిది మధ్య పోతే మంచిది. అప్పటికి పెనం బాగా పట్టి ఉంటుంది, చట్నీ రెండో వాయి నూరి ఉంటారు, బేరం జోరుగా ఉంటుంది కాబట్టి ఏదీ నిలవ ఉండదు. పది దాటాక వచ్చేవాళ్ళకు అడుగు పిండి, పులిసిన పిండి. ఎండాకాలంలో ఈ తేడా మరీ తెలుస్తుంది.

ఇక్కడ తినవలసింది కారం దోసె. మసాలా దోసె ఏ ఊళ్ళో అయినా దొరుకుతుంది. ఎండుమిరపకాయలు నానబెట్టి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు వేసి మెత్తగా నూరిన ఎర్రకారం దీనికి ప్రాణం. (ఇక్కడ ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ, తెల్లగడ్డ అంటే వెల్లుల్లి, ఉర్లగడ్డ అంటే బంగాళాదుంప. మీరు కోస్తా నుంచి వస్తున్నారు కాబట్టి చెప్పడం.) దోసె వేసే మనిషిని ఒక నిమిషం చూడండి. పెనం మీద నీళ్ళు చల్లితే చుక్కలు గంతులేసి రెండు క్షణాల్లో ఆరిపోవాలి. చుక్క పడగానే చుయ్‌మని మాయమైతే పెనం మరీ కాలింది, పిండి గరిటెకే చుట్టుకుని లేస్తుంది, దోసె మందం ఎక్కి మధ్యలో పచ్చిగా ఉంటుంది. నీళ్ళు అలాగే పరుచుకుని ఉడుకుతుంటే వేడి చాలలేదు, దోసె పెనానికి అతుక్కుంటుంది. వేడి సరిగ్గా ఉన్నప్పుడు సగం కోసిన ఎర్రగడ్డతో ఒకసారి రుద్ది, పిండి పోసి, మధ్యలోంచి బయటికి ఒకే చుట్టుగా తిప్పుతారు.

కారం ఎప్పుడు పూస్తారో చూడండి. పైన తడి సగం ఆరి, చిన్న చిన్న కన్నాలు కనపడ్డప్పుడు పూయాలి. ముందే పూస్తే పచ్చి పిండిలో కలిసిపోయి దోసె ముద్దవుతుంది, ఆలస్యమైతే కారం పచ్చివాసన పోకుండానే అడుగు మాడిపోతుంది. పూశాక పప్పుల పొడి (పుట్నాల పొడి) చల్లి, అంచుల వెంట నూనె గానీ నెయ్యి గానీ వేస్తారు. ఆ పొడి వేసేది కారం ఘాటును తగ్గించడానికే. పిల్లాడికి ‘కారం పలచగా, పొడి ఎక్కువ’ అని చెప్పండి, వేసిస్తారు. ‘కారం వద్దు, పొడి దోసె’ అన్నా అర్థమవుతుంది.

చట్నీ దగ్గరే చాలామంది కడుపులు చెడతాయి. బండి మీద రెండు రకాలుంటాయి: చెనిక్కాయల (వేరుశెనగ) చట్నీ, కొబ్బరి చట్నీ. తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి కొబ్బరి చట్నీ రెండు మూడు గంటలకే చెడిపోతుంది. గిన్నె అంచున సన్నటి బుడగలు, పైన నీరు విడిపోయి కింద ముద్ద, ముక్కు దగ్గర పెడితే పులుపు వాసన: ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా ముట్టుకోకండి. చింతపండు పడుతుంది కాబట్టి చెనిక్కాయల చట్నీ కొంచెం ఓర్చుకుంటుంది. తొమ్మిదిన్నర తర్వాత తింటే అదొక్కటే వేయించుకోండి. సాంబారుకు వేరే పరీక్ష అక్కర్లేదు, పొగ వస్తుంటే తినండి, గోరువెచ్చగా ఉంటే మానండి.

ఇడ్లీలో రెండు రకాలు. పళ్ళెం మీద గుడ్డ పరిచి వేసినవి మెత్తగా, అంచులు పలచగా ఉంటాయి. నూనె రాసిన గుంతల్లో వేసినవి కొంచెం గట్టిపడతాయి. ఊరివాళ్ళు గుడ్డ ఇడ్లీకే ఓటేస్తారు. కొన్నిచోట్ల ప్లాస్టిక్ కాగితం పరిచి ఆవిరి పెడుతున్నారు. అది కనిపిస్తే మాట్లాడకుండా లేచి పక్క బండికి పోండి. పెద్దావిడకు పొంగలి బాగుంటుంది గానీ నెయ్యీ మిరియాలూ పడ్డ ఆ పొంగలి తిని క్యూలో నిలబడితే నిద్ర ముంచుకొస్తుంది. దర్శనం రోజున ఇడ్లీతో సరిపెట్టండి.

తిరిగే విషయానికొస్తే, ఉదయం ఎండ ఎక్కకముందే గోవిందరాజస్వామి గుడి చుట్టూ నడవండి. స్టేషన్ నుంచి నడక దూరమే. గుడి వీధుల్లో ఇత్తడి సామాన్లు, కుంకుమ, ఎర్రచందనం పేరుతో అమ్మే బొమ్మలు (పేరుతో మాత్రమే, అసలు ఎర్రచందనం అడవి చట్టం కింద ఉంటుంది, బజార్లో బుట్టలో పోసి అమ్మరు), పూల అంగళ్ళు. అక్కడినుంచి గాంధీ రోడ్డు, నాలుగు కాళ్ళ మండపం, తిలక్ రోడ్డు, వి.వి. మహల్ రోడ్డు. ఇదంతా పాత ఊరు, కాలినడకనే తెలుస్తుంది. 2023లో తెరిచిన శ్రీనివాస సేతు వంతెన మీదుగా వాహనంలో పోతే కింద లీలామహల్ సర్కిల్ గానీ, సందుల్లోని టీ కొట్లు గానీ ఏవీ కనపడవు. షేర్ ఆటో ఎక్కితే ‘వంతెన కింద పో అన్నా’ అని చెప్పండి.

మధ్యాహ్నం 12 నుంచి 3 వరకే భోజనం. మూడున్నరకు పోతే మెస్సులో అన్నం మిగిలినా కూరలు ఉండవు. ఆసుపత్రుల ప్రాంతంలో, బాలాజీ కాలనీలో ఉన్న మెస్సులు పెద్ద హోటల్లో పడే ఖర్చులో సగానికి అటూ ఇటూగా పెడతాయి. సాంబారు, పప్పు, పొరియలు (తమిళుల వేపుడు కూర), రసం, మజ్జిగ. తమిళనాడు సరిహద్దు దగ్గరే కాబట్టి వరసలో ఆ పద్ధతి కలుస్తుంది. ‘మీల్స్’ అంటే అడిగినంత పెట్టేదా, ఒకసారి పెట్టేదా అని ముందే కనుక్కోండి. కొన్నిచోట్ల అన్నం మళ్ళీ మళ్ళీ వేస్తారు, కూర ఒకసారే. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్ళకు ప్రభుత్వం నడిపే అన్న క్యాంటీన్లున్నాయి, పూటకు 5 రూపాయలు. అక్కడ యాత్రికులమని చెప్పి కూపన్లు పదీ పన్నెండూ తీసుకోకండి, కూలివాళ్ళ పూట అది. కొండమీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం అందరికీ ఉచితం, 1985లో మొదలైన నిత్యాన్నదానం అది. అది ఊరి తిండి కాకపోయినా తిరుపతి వచ్చి తినకుండా పోవద్దు.

ఇప్పుడు రాగి సంగటి. దీన్ని తప్పుగా వండే హోటళ్ళే ఎక్కువ, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. గ్లాసు నూకలకు నాలుగున్నర గ్లాసుల నీళ్ళు పోసి, ఉప్పు వేసి నూకలు పూర్తిగా మెత్తబడేదాకా ఉడికించాలి. ఆ తర్వాత గ్లాసున్నర రాగిపిండి పైన కుప్పగా పోయాలి. కలపకూడదు. కట్టెతో మధ్యలో అడుగుదాకా ఒక బొక్క పెడితే కింది ఆవిరి పైకొచ్చి పిండిని ఉడికిస్తుంది. మూతపెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు. అప్పుడు దించి, గిన్నె కదలకుండా కాళ్ళతో అదిమిపట్టి సంగటి కట్టెతో గెలకాలి. తొందరపడి ముందే కలిపితే పిండి ఉండలు కడుతుంది, కొరికితే లోపల పొడి కనపడుతుంది. ఆవిరి చాలకపోతే పచ్చి రాగి వాసన, తిన్నాక కడుపు బరువు. నీళ్ళు ఎక్కువైతే ముద్ద నిలవదు, విస్తరిమీద పరుచుకుపోతుంది. మంచి ముద్ద చేత్తో నొక్కితే వేలి గుర్తు పడాలి గానీ వేలికి అంటుకోకూడదు, పైన నిగనిగలాడాలి.

తినే పద్ధతి కూడా ఉంది. ముద్ద నడుమ గుంత చేసి అందులో పులుసో నెయ్యో పోసి, చిన్న ముక్క తుంచి పులుసులో ముంచి మింగాలి. నమిలితే పళ్ళకు అతుక్కుంటుంది, మొదటిసారి తినేవాళ్ళంతా అక్కడే ‘బాగాలేదు’ అంటారు. వేడిమీదే తినాలి. పావుగంట ఆగితే గట్టిపడుతుంది. మాంసం తినేవాళ్ళకు జోడీ నాటుకోడి పులుసు. అది నాటుకోడో బ్రాయిలరో ఎముక చెబుతుంది: నాటుకోడి ఎముక గట్టిగా, సన్నగా ఉంటుంది, మాంసం పీచుగా లాగితే గానీ రాదు, పులుసు మీద పసుపు రంగు నూనె తేలుతుంది. వేలుతో నొక్కితే ఊడి వచ్చేసే మాంసం నాటుకోడి కాదు. శాకాహారులకు గోంగూర పుల్లగూర, ఊరిబిండి. ఊరిబిండి అంటే వేయించిన చెనగ్గింజలు (వేరుశెనగ గింజలు), మిరపకాయలు, చింతపండు, ఎర్రగడ్డ వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచింది. మిక్సీలో వేసి మెత్తటి పేస్టులా తెస్తే అది మామూలు చట్నీయే. పలుకులు పంటికి తగలాలి.

మాంసం గురించి ఇంకో మాట. ఇక్కడి ఇళ్ళల్లో కొండెక్కకముందు నీచు ముట్టరు, దిగాకే తింటారు. మీకు ఆ పట్టింపు ఉన్నా లేకున్నా నాటుకోడి, బిర్యానీ దర్శనం అయ్యాకే పెట్టుకుంటే వెంట ఉన్న పెద్దావిడకూ బాగుంటుంది. మాంసం, మద్యం, బీడీ, సిగరెట్లు కొండమీద నిషేధం, అలిపిరి తనిఖీలో తీసేస్తారు. పార్శిల్ సంచిలో మిగిలిన ముక్కలు మరిచిపోయి పైకి పోయేవాళ్ళు ఉంటారు. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు సగం దాకా, మాంసం బండ్లు బాగా తగ్గుతాయి. ఆ శనివారాల్లో తమిళ భక్తులు పోటెత్తుతారు, టిఫిన్ బండ్ల దగ్గర కూడా నిలబడే చోటు దొరకదు. మీ ప్రయాణం ఆ నెలలో అయితే శనివారం ఊళ్ళో తిరిగే ఆలోచన మానుకోండి.

మూడు నుంచి నాలుగున్నర వరకు వేడి తిండి అనేది ఉండదు. ఆ వేళకు నన్నారి షర్బత్. శేషాచలం, నల్లమల అడవుల్లో దొరికే సుగంధి వేళ్ళను కాచి చేసిన పాకం ఇది. గ్లాసుకు రెండు మూడు పెద్ద చెంచాల పాకం, అరచెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు, నానబెట్టిన సబ్జా గింజలు, పైన సోడా. అసలు పాకం గోధుమ రంగులో ఉండి వేరు వాసన వస్తుంది, తాగాక నాలుక మీద చిన్న చేదు మిగులుతుంది. కళ్ళు జిగేలుమనే ఎరుపు ఉంటే రంగూ ఎసెన్సూ కలిపింది. ఐసు వద్దనండి, సోడా సీసా చల్లగా ఉంటే చాలు. చెరకు రసానికీ ఇదే మాట: గడ చెక్కు తీసి, మర కడిగి ఆడితేనే తాగండి, ముక్కలు ముందే కోసి ఎండలో పెట్టిన చోట వద్దు. వేసవిలో తోతాపురి మామిడికాయ ముక్కలు కోసి ఉప్పు కారం చల్లి అమ్ముతారు. ఈ జిల్లాల తోటల్లో పండేది ఎక్కువగా ఆ కాయే, చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. బండి దగ్గర కోసినవి కాకుండా మీ ముందర కోయించుకోండి. కారం డబ్బాలో చెంచా వేసి ఉందా, చేత్తో తీస్తున్నాడా అన్నది కూడా చూడండి.

నాలుగున్నరకు బజ్జీ బండ్లు మొదలవుతాయి. మిరపకాయ బజ్జీ అంతటా ఉంది, ఇక్కడ అడగాల్సింది అలసంద (బొబ్బర్ల) వడ. అలసందలు నాలుగైదు గంటలు నానాలి, అంతకుమించి నానితే పిండి నీరుపట్టి నూనె తాగుతుంది. నీళ్ళు చుక్క వేయకుండా బరకగా రుబ్బి, పచ్చిమిర్చి, అల్లం, ఎర్రగడ్డ, కొత్తిమీర కలుపుతారు. ఎర్రగడ్డ ముందే కలిపిపెడితే నీరూరి పిండి జారుతుంది, అందుకే తెలిసిన మనిషి వాయికి సరిపడా పిండిలోనే కలుపుతాడు. వడ మధ్యలో మందం, అంచు పలచన. అంచు కరకరలాడి మధ్యలో మెత్తగా ఉంటే చేతివాటం ఉన్నట్టు. వేళ్ళకు నూనె మెరిసిందంటే నూనె చాలినంత కాగలేదు. పండగలప్పుడు ఇళ్ళల్లో దీన్ని నాటుకోడి పులుసుతో తింటారు, బండి దగ్గర ఆ జోడీ దొరికితే అదృష్టం.

నూనె చూడటం నేర్చుకోండి. మరుగుతున్నప్పుడు పైన నురుగు వచ్చి పోకుండా నిలిచిపోతే, కాఫీ రంగులోకి మారితే, మామూలు వేడికే పొగలొస్తే, అది చాలాసార్లు కాగిన నూనె. వేయించిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు (నూనె మళ్ళీ మళ్ళీ కాగితే పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) నియమం, 2018 జూలై నుంచి అమల్లో ఉంది. బండి దగ్గర కొలిచే యంత్రం ఉండదు, కన్నూ ముక్కే సాధనాలు. వార్తాపత్రికలో చుట్టి ఇస్తే వద్దని విస్తరాకు ముక్క అడగండి, అచ్చు సిరా వేడి నూనెకు తిండిలోకి దిగుతుంది. ఆ సంస్థ కూడా పత్రిక కాగితం వద్దనే చెబుతోంది.

బొరుగుల (మరమరాల) మసాలా పిల్లాడికి బాగా నచ్చుతుంది. బొరుగులు, ఎర్రగడ్డ, టమాటా, చెనగ్గింజలు, కారం, నిమ్మరసం. టమాటాకు ఇక్కడ కొదవ లేదు, టమాటాకు పేరుపడ్డ మదనపల్లె మార్కెట్టు ఈ ప్రాంతానిదే. కలిపిన రెండు నిమిషాల్లో తినేయాలి, ఫోటోలు తీసుకుంటూ నిలబడితే మెత్తబడిపోతుంది. పానీపూరికి నా ఓటు లేదు. రుచి గొడవ కాదు, నీళ్ళ గొడవ. తిరుపతికి కల్యాణి డ్యామ్ నుంచి, తెలుగుగంగ నుంచి నీళ్ళు వస్తాయి, శుద్ధి చేసే ఇస్తారు. బండి మీద కుండలో చెయ్యి ముంచాక ఆ శుద్ధి మిగలదు. ఒకటిన్నర రోజు కోసం ఆ ప్రయోగం వద్దు. తాగే నీళ్ళు మూత సీలు చూసి కొన్నవే వాడండి, మెస్సు జగ్గు నీళ్ళు పెద్దావిడకు పోయకండి.

రాత్రి ఏడు నుంచి పరోటా. ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు పెద్ద హోటళ్ళు, వాటి పక్కనే బండ్లు, సాయంత్రమైతే కుర్రాళ్ళంతా అక్కడే. పరోటా కాల్చిన వెంటనే రెండు చేతులతో రెండు పక్కల నుంచి కొట్టాలి, అప్పుడే పొరలు విడతాయి. ముందే సగం కాల్చి దొంతర పెట్టినవి మళ్ళీ వేడి చేసి ఇస్తే అయిదు నిమిషాల్లో తోలులా సాగుతాయి. పెనం పక్కన తెల్లగా సగం కాలిన దొంతర కనపడితే ‘కొత్తది వెయ్యన్నా, ఆగుతాం’ అనండి. శాకాహారులు ఇక్కడ జాగ్రత్త: పరోటా మీద పోసే శేరువ, సాల్నా అనే పలచటి పులుసులు చాలాచోట్ల కోడి పులుసు నుంచి వచ్చేవే, గరిటె ఒకటే. కొత్తు పరోటా (ముక్కలు ముక్కలుగా కొట్టిన పరోటా) అదే పెనం మీద గుడ్డుతో కొడతారు, కొందరు మైదాలోనే గుడ్డు కలుపుతారు. ‘వెజ్ కుర్మా ఉందా’ అని మాత్రమే అడిగితే సగం జవాబే వస్తుంది. ‘పిండిలో గుడ్డు వేశారా, పెనం వేరేనా’ అని అడగండి. పట్టింపు గట్టిగా ఉంటే శాకాహార హోటల్‌కే పోండి, బండి వాణ్ణి ఇబ్బంది పెట్టినా లాభం లేదు. చివర్లో బాదం పాలు, పెద్ద బాణలిలో సన్నసెగ మీద మరుగుతుంటాయి. మీగడ కడుతున్నవి తాగండి, చల్లారినవి సీసాలో పోసి ఇస్తే వద్దు.

మే నెలలో వచ్చేవాళ్ళకు ఒక అదనపు లాభం: తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఆ వారం వీధుల్లో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం ఒక్కో రోజు ఒక్కోటి. చిన్నపిల్లలు, పెద్ద మగవాళ్ళు చీరలు కట్టుకుని తిరుగుతారు. ఇళ్ళ ముందర రాగి అంబలి పోస్తారు, ఎవరికైనా పోస్తారు. సొంత గ్లాసు ఒకటి వెంట ఉంచుకోండి. ఊరు మొత్తం యాత్రికుల్ని పట్టించుకోకుండా తన పనిలో ఉండే వారం అదొక్కటే.

డబ్బుల దగ్గర మోసం కంటే గందరగోళమే ఎక్కువ. ఫోన్‌పే అన్ని బండ్ల మీదా ఉంది గానీ రద్దీ రోజుల్లో నెట్‌వర్కు ఆగిపోతుంది, పది, ఇరవై నోట్లు ఉంచుకోండి. ఆటో ఎక్కేముందు షేరా, సొంతమా అని తేల్చుకోండి. ‘ఎక్కండి స్వామీ’ అన్నాడంటే సొంతం కింద లెక్క కట్టినట్టే. తిరుచానూరు అమ్మవారి గుడి 5 కిలోమీటర్లు, షేర్ ఆటోలూ బస్సులూ విరివిగా ఉంటాయి. బజార్లో ‘తిరుపతి లడ్డు’ అని అమ్మేది మిఠాయి దుకాణం లడ్డు. శ్రీవారి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, దేవస్థానం కౌంటర్లో ఇచ్చేదే ప్రసాదం.

చిత్తూరు పోవాలా అని చివర్లో అడిగారు. 70 కిలోమీటర్లు, కాణిపాకం దర్శనం ఉంటేనే పోండి. ఒక్క తిండి కోసమైతే ఒకటిన్నర రోజులో అంత సమయం పోగొట్టుకోవద్దు.

రైల్లోకి పార్శిల్: కారం దోసె వద్దు, అరగంటలో మెత్తబడి కారం నీరవుతుంది. ఇడ్లీలకు పొడి, నూనె పట్టించి ఆకులో కట్టించుకుంటే మధ్యాహ్నం దాకా ఉంటాయి, చట్నీ మాత్రం పోయించుకోకండి. పులిహోర సాయంత్రం దాకా ఆగుతుంది. అలసంద వడలు చల్లారాకే కట్టాలి, వేడిమీద మూత బిగిస్తే ఆవిరికి మెత్తబడి వాసనొస్తాయి. సంగటి ముద్ద తీసుకెళ్ళాలని పిల్లాడు పట్టుబడితే, తడిగుడ్డలో చుట్టి, పులుసు వేరే డబ్బాలో పోయించుకుని రెండు గంటల్లోపు తినేయండి.